టిఫిన్లయ్యాయా?

మీ ఇంట్లో శనివారం రాత్రి ఏం తింటారు?

ఊరికే అడగడం లేదు. మా తాతయ్య శనివారాలు ఒంటిపూట ఉండేవారు. వెంకటేశ్వరస్వామి మొక్కు. మధ్యాహ్నం నిండుగా భోంచేస్తే మళ్లీ ఆదివారం దాకా అన్నం ముట్టేవారు కాదు. అలాగని రాత్రి పస్తు పడుకునేవారా అంటే, అదీ లేదు. దీపాలు పెట్టిన గంటకి వీధి అరుగు మీంచి లేచి, కాళ్లు కడుక్కుని, వంటింటి గుమ్మం దగ్గర పీట వాల్చుకునేవారు. అమ్మమ్మ పెనం మీంచి తీసిన మినపట్లు ఒకటి తర్వాత ఒకటి ఆకులో పడేవి. పక్కన అల్లప్పచ్చడి, పైన కాచిన నెయ్యి, చివర్లో చిన్న గిన్నెడు పెరుగు. మూడు అట్లు, ఒక్కోసారి నాలుగు. అయినా ఒంటిపూట చెడిందని ఇంట్లో ఎవరూ అనుకునేవారు కాదు. ఆయన తిన్నది టిఫిను. అన్నం కాదు.

నాకప్పుడు ఏడెనిమిదేళ్లు. ఆ లెక్క నాకు అంతుబట్టలేదు. "అట్ల పిండిలో బియ్యం పోశావు కదా అమ్మమ్మా, నేనే కడిగిచ్చాను" అన్నాను. అమ్మమ్మ అట్లకాడ పక్కన పెట్టి, "బియ్యం ఉంటే ఉన్నాయి. మెతుకు లేదు కదా" అంది.

నలభై ఏళ్లు దాటిపోయాయి. టిఫిన్ అనే మాటకి అంతకంటే మంచి అర్థం నాకు ఏ నిఘంటువులోనూ దొరకలేదు. ఈ కబురంతా ఆ మెతుకు గురించే అనుకోండి.

మాట పుట్టింది ఇంగ్లండులో. 1785లో ఫ్రాన్సిస్ గ్రోస్ అనే ఆయన వీధుల్లో, సారా దుకాణాల్లో వినబడే మోటు మాటలన్నీ పోగుచేసి ఒక నిఘంటువు అచ్చువేశాడు. పెద్దమనుషుల నిఘంటువులు గుమ్మం తొక్కనివ్వని మాటలవి. అందులో 'టిఫింగ్' ఉంది. వేళ కాని వేళ ఏదో ఒకటి తినడం, తాగడం అని అర్థం. 'టిఫ్' అంటే ఓ గుక్కెడు పల్చటి మద్యం. ఆ మాట ఓడెక్కి కలకత్తా, మద్రాసు రేవుల్లో దిగింది.

దిగిన వేళ కూడా దానికి కలిసొచ్చింది. ఆ రోజుల్లో దొరలు 'డిన్నర్' అనే పెద్ద భోజనాన్ని పగటిపూటే, మధ్యాహ్నం రెండు మూడింటికి చేసేవారు. పద్దెనిమిదో శతాబ్దం చివరి నుంచి అది మెల్లమెల్లగా సాయంత్రానికీ, తర్వాత రాత్రికీ జరిగింది. పొద్దుటి తిండికీ రాత్రి భోజనానికీ మధ్య పెద్ద ఖాళీ పడింది. ఇంగ్లండులో ఆ చోట లంచ్ వచ్చి కూర్చుంది. మన దేశంలో ఉన్న ఇంగ్లీషువాళ్లు మాత్రం దాన్ని టిఫిన్ అన్నారు.

ఈ మాట పుట్టుక సంగతి 'హాబ్సన్-జాబ్సన్' అనే నిఘంటువులో ఉంది. మన భాషల నుంచి ఇంగ్లీషులోకి వెళ్లిన మాటలకీ, మన గడ్డ మీద కొత్త బతుకు బతికిన ఇంగ్లీషు మాటలకీ అదొక పెద్ద భాండాగారం. 1886లో వచ్చింది. రాసినవాళ్లు హెన్రీ యూల్, ఏ.సి. బర్నెల్. ఇద్దరిలో బర్నెల్ మనవైపు మసిలినవాడు. మద్రాసు సివిల్ సర్వీసులో పనిచేశాడు. తంజావూరు రాజుల గ్రంథాలయంలో ఉన్న సంస్కృత రాతప్రతులకి పట్టిక కట్టాడు. దక్షిణాది లిపుల పుట్టుపూర్వోత్తరాల మీద పుస్తకం రాశాడు. ఇంత పని చేసినవాడు నిఘంటువుని అచ్చులో చూసుకోకుండానే 1882లో, 42 ఏళ్లకే పోయాడు. టిఫిన్‌ని అరబ్బీ నుంచీ చైనా భాష నుంచీ లాక్కొద్దామని చూసినవాళ్లూ ఉన్నారు. ఆ వాదాలు పక్కన పెట్టి, ఈ నిఘంటువు ఇంగ్లీషు మోటు మాట వైపే మొగ్గింది. ఆ పుస్తకం తిరగేసినప్పుడల్లా నాకు బర్నెల్ మీద జాలీ, గౌరవమూ రెండూ కలుగుతాయి. మన నోటి మాటల్ని అంత ప్రేమగా ఏరిపెట్టిన పరాయివాడు మరొకడు అరుదు.

ఇక్కడొక్క నిమిషం ఆగాలి. దొరల టిఫిన్‌లో ఏం ఉండేదో తెలుసా? అన్నం, కూర. ముఖ్యంగా ఆదివారం టిఫిన్ అంటే మాంసం కూర, అన్నం, ముందుగా 'ములిగటానీ' అనే చారు. ఆ చారు పేరు తమిళం మాటే, మిళగు తణ్ణి, మిరియాల నీళ్లు. అంటే ఆ మాటని మన దేశానికి తెచ్చినవాళ్ల టిఫిన్‌లో మెతుకు ఉంది. దాన్ని అందుకున్న మన టిఫిన్‌లో మెతుకు లేదు. మాట వాళ్లది, అర్థం పూర్తిగా మనది.

ఇదెలా జరిగింది? మద్రాసు గుమస్తాల జీవితం తల్చుకుంటే నాకు దారి కనబడుతుంది. పొద్దున్న తొమ్మిదింటికల్లా వేడన్నం తిని కచ్చేరీకి పోయే మనిషికి దొరల మధ్యాహ్నపు టిఫిన్ వేళకి మళ్లీ అన్నం అక్కర్లేదు. మూడు నాలుగింటికి ఓ ఇడ్లీయో ఉప్మానో పడితే చాలు, దానితో ఓ కాఫీ. వేళ పేరు దొరది, విస్తట్లో వస్తువు మనది. పైగా ఆ వస్తువుకి మన ఇళ్లలో ఎప్పటి నుంచో ఒక పేరుంది: ఫలహారం. నోట్లో నలిగి పలహారం, పలారం అయింది. సంస్కృతంలో చూస్తే పళ్లు తినడమే. ఏకాదశి నాడు, అమావాస్య రాత్రి, శనివారం రాత్రి అన్నం మానేసినవాళ్లు పళ్లు తినేవారు. పళ్ల పక్కకి అటుకులొచ్చాయి, తర్వాత రవ్వ వచ్చింది, ఆ తర్వాత అట్టు వచ్చింది. పేరు మాత్రం ఫలహారంగానే ఉండిపోయింది. అప్పటికే 'అన్నం కాని తిండి' అనే గది మన ఇంట్లో కట్టి ఉంది. టిఫిన్ వచ్చి అందులో కాపురం పెట్టింది, అంతే.

ఇంగ్లండులో ఆ మాట గతేమైందో చెప్తాను. మా చిన్నాన్నగారి అమ్మాయి చదువుకోడానికి అక్కడికి వెళ్లింది. చలిలో పొద్దున్నే ఓ చిన్న కాఫీ కొట్లో 'టిఫిన్' అని రాసి ఉన్న అట్టముక్క చూసి, ప్రాణం లేచొచ్చి అడిగింది. పలకలా కోసిన చాక్లెట్ ముక్క ఒకటి ఇచ్చారు. బిస్కెట్ల పొడి, ఎండుద్రాక్ష, చాక్లెట్ కలిపి గడ్డకట్టించిన మిఠాయి. పొయ్యి మీద కాల్చేది కూడా కాదు. "అక్కా, తియ్యగా ఉంది. టిఫిన్ తియ్యగా ఉండటమేంటి?" అని ఆ రాత్రి ఫోన్‌లో నన్నడిగింది. పుట్టింట్లో ఆ మాటకి మిగిలింది దాదాపు ఆ మిఠాయి ముక్కే. లంచ్ అనే అర్థంలో దాన్ని అక్కడ రోజూ వాడేవాళ్లు లేరు.

మన దగ్గరో! దాని సరిహద్దులు ఎంత పక్కాగా ఉన్నాయో చూడండి. ఇడ్లీ, దోశ, ఉప్మా, పెసరట్టు, పూరీ, గారె, బజ్జీ, గోదావరి జిల్లాల దిబ్బరొట్టె, అనంతపురం కర్నూలు వైపు ఉగ్గాని, తెలంగాణ సర్వపిండి, వీటికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. పులిహోర పొద్దున్న ఎనిమిదింటికి పెట్టినా టిఫిన్ కాదు. దద్ధోజనం కాదు. మెతుకు కనబడుతోంది కదా. చపాతీ సంగతి ఇంకా బాగుంటుంది. ఉత్తరాదిన అది లేనిదే భోజనం లేదు. మనింట్లో చక్కెర జబ్బు వచ్చిన పెద్దాయనకి డాక్టరు రాత్రిపూట చపాతీ తినమంటే, "ఆయన రాత్రిళ్లు టిఫినేనండీ" అని చెప్తాం. మూడు చపాతీలు, కూర, మజ్జిగ తిన్నా టిఫినే. తిన్నది ఎంతన్నది కాదు, ఏ వేళన్నది కాదు.

మరి పొంగలో? అందులో మెతుకు ఉంది. ఉన్నా మెత్తగా నలిగిపోయి, విడిగా కనబడదు. తమిళనాడు వైపు నుంచి టిఫిన్ వరసలో చేరి మన హోటళ్లకి వచ్చింది. కుర్రాళ్లు మారు మాట్లాడకుండా తింటారు. మా అమ్మ మాత్రం ఇవాళ్టికీ శనివారం రాత్రి పొంగలి ముట్టదు. నేను వాదించను. ఆవిడ లెక్క ఆవిడ తల్లి దగ్గర నేర్చుకున్నది.

ఇంక వ్యాకరణం. భయపడకండి, రుచిగానే ఉంటుంది. కాఫీ తాగుతాం. బిస్కెట్ తింటాం. కేకు తింటాం. అన్నం తింటాం. టిఫిన్ మాత్రం 'చేస్తాం'. ఎందుకని? భోజనం చేస్తాం కాబట్టి. స్నానం, పూజ, భోజనం, ఫలహారం, ఇలా కాస్త మర్యాద ఉన్న పనులకి తెలుగులో 'చేయడం' తగిలిస్తాం. తిండికి సంబంధించి ఇంగ్లీషు నుంచి వచ్చిన మాటల్లో ఆ మర్యాద మొదట దక్కినది టిఫిన్‌కేనని నా నమ్మకం. లంచ్ చేశాం, డిన్నర్ చేశాం అనే మాటలు దీని అడుగుజాడల్లో వచ్చినవే.

అందువల్ల ఒక చిన్న తికమక కూడా ఉంది. వంటింట్లో ఉన్న అమ్మని "టిఫిన్ ఏం చేశావు?" అని అడిగితే ఏం వండావని. ఆఫీసులో స్నేహితురాలిని అదే మాట అడిగితే ఏం తిన్నావని. ఒక్క అక్షరం తేడా లేదు. ఎవరిని అడుగుతున్నాం, పొయ్యి ఎక్కడుంది అన్నదాన్ని బట్టి అర్థం మారుతుంది. మన భాషలో పుట్టి పెరిగినవాళ్లు ఇందులో ఎప్పుడూ పొరబడరు.

అన్నిటికంటే నాకిష్టమైన రూపం 'టిఫిన్లయ్యాయా?' బహువచనం చూడండి. అడిగేది ఒక్క మనిషినే అయినా టిఫిన్లు అంటాం. అందులో నువ్వు లేదు, మీరు లేదు. చేసేవాడు ఎవరో చెప్పకుండా, పని జరిగిందా అని మాత్రమే అడుగుతాం. మా అక్క పెళ్లినాటి పొద్దున్న మా నాన్న ఈ మాట వాడిన తీరు నాకు కళ్లకి కట్టినట్టుంది. మగపెళ్లివారి విడిదికి వెళ్లారు. వియ్యంకుడుగారు ఈయనకంటే నాలుగేళ్లు చిన్న. ముందు రోజు కట్నకానుకల దగ్గర కాస్త మాటా మాటా వచ్చింది. పేరు పెట్టి పిలవలేరు, బావగారూ అనడానికి ఇంకా నోరు తిరగలేదు. నాన్న గుమ్మంలో నిలబడి, కండువా సర్దుకుని, "టిఫిన్లయ్యాయా అండీ?" అన్నారు. లోపల్నుంచి ఆయన లేచొచ్చి, "అయ్యాయండి, ఉప్మా చాలా బాగుంది. మీరింకా చేసినట్టు లేరే, రండి, కూర్చోండి" అన్నారు. ఇద్దరూ ఒక బల్ల మీద పక్కపక్కన కూర్చున్నారు. నాన్న తినేదాకా ఆయన ఖాళీ కాఫీ గ్లాసు చేత్తో పట్టుకుని అలాగే ఉన్నారు. ముందు రోజు మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. మధ్యలో ఎంత దూరం ఉన్నా, ఆ దూరాన్ని తడుముకోకుండా దాటించే మాట అది.

హైదరాబాదు వచ్చాక ఇంకో మాట నేర్చుకున్నాను. నాష్తా. పక్కింటి ఆవిడ పొద్దున్నే "నాష్తా అయ్యిందా?" అని పలకరిస్తుంది. ఉర్దూలోంచి వచ్చిన పారసీ మాట. పారసీలో దాని మూలార్థం పొద్దుటి నుంచీ ఏమీ తినకుండా ఉండటం, పరగడుపు. ఇంగ్లీషు బ్రేక్‌ఫాస్ట్‌కి ఉపవాసం విడవడమని అర్థం. మన ఫలహారం ఉపవాసంలో తినేది. మూడు భాషల వాళ్లూ ఈ తిండికి పేరు పెట్టాల్సి వచ్చినప్పుడు ఖాళీ కడుపునే తల్చుకున్నారు. టిఫిన్ ఒక్కటే ఆ వరసలో లేదు. అది గుక్కెడు మద్యం నుంచి మొదలై, ఎక్కడా ఆకలి ఊసెత్తకుండా వచ్చి, చివరికి మా తాతయ్య ఒంటిపూటలో స్థిరపడింది. కన్నడం వాళ్లు మాత్రం ఏ అరువూ లేకుండా 'తిండి ఆయ్తా?' అనేస్తారు. వాళ్లకి పొద్దుటి పలహారమే తిండి. అదే మాట మనం ఒకరి మొహాన అంటే మోటుగా ఉంటుంది. మాటల తలరాతలు ఇంతే, ఒక ఊరు దాటితే మారిపోతాయి.

అయితే ఒక సంగతి మర్చిపోకూడదు. పొద్దున్నే టిఫిన్ అనేది మన ఊళ్లలో అందరికీ ఎప్పుడూ ఉన్నది కాదు. మా ఊళ్లో పొలం పోయేవాళ్లంతా చద్దన్నమే తినేవారు. రాత్రి మిగిలిన అన్నంలో నీళ్లు పోసి ఉంచి, పొద్దున్న మజ్జిగ, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయతో. తెలంగాణలో సద్ది. చేలోకి కట్టుకుపోతే సద్దిమూట. అది కూడా లేని ఇళ్లలో అంబలి. ఇడ్లీ అంటే పండగకో, చుట్టాలొస్తేనో, జ్వరం తగ్గిన పూటో. జ్వరం వస్తే ఇడ్లీ తినొచ్చని సంబరపడిన పిల్లల్లో నేనూ ఉన్నాను.

దానికి కారణం రుబ్బురోలు. నలుగురు తినే ఇడ్లీలకి పిండి రుబ్బాలంటే గంటపైన పొత్రం తిప్పాలి. ఎడం చేత్తో పప్పు లోపలికి తోస్తూ, కుడిచేత్తో తిప్పుతూ, మధ్యమధ్య నీళ్లు చిలకరిస్తూ. మా అమ్మమ్మ కుడి అరచేతిలో బొటనవేలి కింద ఒక కాయ కాసి ఉండేది. పిండి వేళ్ల మధ్య నలిపి చూసి, "ఇంకా కాటుకలా కాలేదు" అనేది. ఇంటెడు చాకిరీ చేసే మనిషి రోజూ ఆ పని ఎలా పెట్టుకుంటుంది? కరెంటు వచ్చి, మిక్సీ వచ్చి, కోయంబత్తూరు గ్రైండర్లు ఊళ్లలోకి వచ్చాకే ఇడ్లీ దోశలు రోజువారీ వంటల్లోకి దిగాయి. టిఫిన్ ఇంటింటి మాట కావడం వెనక ఎందరో ఆడవాళ్ల భుజాల నొప్పి తగ్గిన కథ ఉంది. ఎవరైనా చద్దన్నం మానేసి చెడిపోయామంటే నాకు ఆ కాయ కాసిన చెయ్యి గుర్తొస్తుంది. చద్దన్నం మంచిదే, నాకూ ఇష్టమే. కానీ ఆ రోజులు తిరిగి రావాలని మాత్రం కోరుకోను.

ఇప్పుడు ఆ పిండి మా వీధి చివర టిఫిన్ బండి మీద దొరుకుతుంది. పొద్దున్న ఆరింటికి వెళ్లి చూడండి. ఆ అక్క పెనం మీద గ్లాసుతో నీళ్లు చల్లుతుంది. చుయ్యిమని ఆవిరి లేస్తుంది. పొట్టి చీపురుతో ఒక్క ఊపు ఊడుస్తుంది. గరిటెడు పిండి మధ్యలో పోసి, గరిటె అడుగుతోనే గుండ్రంగా తిప్పుకుంటూ పోతుంది, ఎక్కడా చిరగదు. పక్క పొయ్యి మీద నూనెలో మైసూరు బజ్జీలు వాటంతటవే బోర్లా తిరుగుతుంటాయి. చుట్టూ ఆటోలవాళ్లు, ఊడ్చే పని ముగించుకున్న మునిసిపాలిటీ ఆడవాళ్లు, రాత్రి డ్యూటీ దిగిన సెక్యూరిటీ గార్డులు, పుస్తకాల సంచులతో పిల్లలు. "అక్కా, ఒక ప్లేట్ ఇడ్లీ, పల్లీ చట్నీ ఎక్కువెయ్యి." "అక్కా, పూరీ పార్సిల్." అందరూ నిలబడే తింటారు. ఒకరి చట్నీ గిన్నె వైపు ఒకరు చూడరు, ఒకరి తొందర ఒకరికి తెలుసు.

ఒకరోజు జనం పల్చబడ్డాక నేనే అడిగాను, "నీ టిఫిన్ అయిందా?" అని. ఆమె చెయ్యి తుడుచుకుంటూ నవ్వింది. "తెల్లారుజామున మూడింటికి లేస్తానమ్మా. ఈ పిండి వాసనకి ఇవి తినబుద్ధి కాదు. ఇంటికెళ్లి ఇంత పెరుగన్నం తింటా." బండి కింద ఒక గుడ్డ సంచీలో స్టీలు డబ్బా ఉంది. పదకొండు దాటితే గానీ దాని మూత తియ్యదట. ఊరంతటికీ టిఫిన్ పెట్టే మనిషికి ప్రాణం లేచొచ్చేది మెతుకుతోనే.

ఈ మాట ఇంకా ఎక్కడెక్కడ ఉందో చూస్తే ముచ్చటేస్తుంది. బెంగళూరులో 1924 నుంచీ ఉన్న మావళ్లి టిఫిన్ రూమ్స్ పేరులోనే ఉంది. రెండో ప్రపంచ యుద్ధం నాటి బియ్యం కొరతలో రవ్వ ఇడ్లీ తమ దగ్గరే పుట్టిందని వాళ్లు చెప్పుకుంటారు. ఆంధ్రప్రదేశ్‌లో అన్న క్యాంటీన్ల దగ్గర పొద్దున్న 5 రూపాయలకి ఇచ్చేదాన్ని జనం టిఫిననే అంటారు. కూలికి పోయే ముందు వరసలో నిలబడ్డవాళ్లకి ఆ మాటకున్న విలువ మనకంటే బాగా తెలుసు. ముంబైకి వెళ్తే మాత్రం అర్థం మళ్లీ పక్కకి జరుగుతుంది. అక్కడ టిఫిన్ అంటే డబ్బా, ఆ డబ్బాలో మధ్యాహ్న భోజనం. 1890లో మహాదేవ్ హవాజీ బచ్చే మొదలుపెట్టిన డబ్బావాలాల పని ఆ అర్థం మీదే నడుస్తోంది. ఆ డబ్బాలో అన్నం ఉంటుంది. మనకి అది టిఫిన్ కాదు, క్యారేజీ. ఒకదాని మీద ఒకటి నాలుగు గిన్నెలు, పక్కన రెండు కమ్మీలు, పైన పిడి. క్యారేజీ కట్టడం అంటే అన్నం కట్టడమే. దాని పూర్తి పేరు టిఫిన్ క్యారియర్. ఆ పేరులోని టిఫిన్‌ని మనవాళ్లు మెల్లగా జార్చేశారు. అందులో మెతుకు ఉంది కదా మరి. ఎవరూ కూర్చుని ఆలోచించి చేసిన పని కాదిది. నాలుకకి తెలిసిన లెక్క.

ఇంత చెప్పాక నా మనసులో మాట కూడా చెప్పాలి. రెండు వైపుల నుంచి ఈ మాటకి ఒత్తిడి వస్తోంది. తెలుగు మీద ప్రేమతో కొందరు 'అల్పాహారం' అనమంటారు. ఆహ్వాన పత్రికల్లో, వార్తల్లో, ప్రభుత్వ పథకాల్లో అదే ఉంటుంది. తెలంగాణలో 2023లో బడిపిల్లల కోసం మొదలుపెట్టిన పథకం పేరులోనూ అదే పెట్టారు. పథకం మంచిదే, పేరు గంభీరంగా ఉంది. కానీ ఏ తల్లి అయినా బడికెళ్లే పిల్లని "అల్పాహారం చేశావా?" అని అడుగుతుందా? అల్పం అనడం కూడా నాకు నచ్చదు. నాలుగు ఇడ్లీలు తిని పనికి పోయే మనిషి తిన్నది అల్పం ఎలా అవుతుంది? పోనీ పలారం ఉందిగా అంటే, అది అమ్మవారి దగ్గరికి వెళ్లిపోయింది. బోనాల్లో పలారం బండి ఊరేగుతుంటే చూడండి, ఆ మాట ఎంత వెలుగుతుందో. అక్కడ అది హాయిగా ఉంది.

రెండో వైపు బ్రేక్‌ఫాస్ట్. పెద్ద అపార్ట్‌మెంట్లలో, ఆఫీసుల్లో, నా సొంత ఇంట్లో కూడా పిల్లల నోట టిఫిన్ తగ్గి బ్రేక్‌ఫాస్ట్ పెరిగింది. అది పొద్దుటికి మాత్రమే పనికొస్తుంది. సాయంత్రం నాలుగింటి బజ్జీకి స్నాక్స్ అనాలి, రాత్రి చపాతీకి డిన్నర్ అనాలి. ఒక్క మాట చేసే పనికి మూడు మాటలు కావాలి. మూడు తెచ్చినా శనివారం రాత్రిని చెప్పలేం. మా తాతయ్య తిన్న నాలుగు అట్లూ డిన్నర్ కాదు. డిన్నర్ అయితే ఒంటిపూట పోయినట్టే. టిఫిన్ ఇంగ్లీషులో పుట్టిన మాటే, కాదనను. కానీ మనం ఇచ్చిన అర్థం ఇంగ్లీషులో లేదు, ఇంకే మాటలోనూ ఇమడదు. నా మటుకు అది తెలుగు మాటే.

దీనికి నా దగ్గర ఒక సాక్షి కూడా ఉంది. మా అక్క కూతురు డాలస్‌లో ఉంటుంది. ఆమె కూతురికి ఐదేళ్లు. ఇక్కడ దీపాలు పెట్టే వేళకి వాళ్లకి తెల్లవారుతుంది. అక్క రోజూ ఆ వేళకే వీడియో కాల్ చేస్తుంది. మొదటి ప్రశ్న ఒకటే, "టిఫిన్ చేశావా తల్లీ?" ఆ పిల్ల నోట్లో దోశ ముక్క పెట్టుకుని తలూపుతుంది. కొన్నాళ్లకి అదే ప్రశ్న ఎదురు వేయడం నేర్చుకుంది. అమ్మమ్మని అడుగుతుంది, నన్ను అడుగుతుంది, తన బొమ్మల్ని అడుగుతుంది.

మొన్న బడిలో వాళ్ల టీచర్ని కూడా అడిగిందట. ఇంగ్లీషులోనే, "డిడ్ యూ డూ టిఫిన్?" అని. ఆవిడ అమెరికన్. రెండుసార్లు అడిగించుకుంది, అర్థం కాలేదు, పిల్ల తల నిమిరి నవ్వి ఊరుకుంది. సాయంత్రం ఇంటికొచ్చి చాలాసేపు ఆలోచించిందట ఈ పిల్ల. మర్నాడు ఫోన్ ఎత్తగానే అక్కతో చెప్పింది:

"అమ్మమ్మా, మా టీచర్‌కి తెలుగు రాదు."